బుర్రకథకు మరల మంచిదినములు వచ్చునా?



ఏటేట వెలువడు ఈ సంచికలో మన కులముయొక్క పూర్వోత్తరములను గూర్చియు, విద్యాభివృద్ధిని గూర్చియు, వసతిగృహ నిర్మాణమును గూర్చియు పెద్దలు వ్రాయుచుందురు. అవి యన్నియు అవశ్యకములే. ఈ పర్యాయము సంపాదకవర్గమువారు మాకొక భిన్నమైన ప్రశ్న నొసంగిరి: "బుర్రకథ నానాటికి క్షీణించుచున్నది. దానికి మరల మంచిదినములు వచ్చునా? వచ్చునన్నచో మన సంఘము చేయదగిన దేమి?"

ఈ ప్రశ్న కాలక్షేపమునకు పుట్టినది కాదు. సంఘనిధిలో కొంత భాగమును బుర్రకథ శిక్షణకు కేటాయింపవలెనని కార్యవర్గములో కొందఱు ప్రతిపాదించిరి. ఆ ధనముతో వసతిగృహమున మఱి నాలుగు గదులు కట్టవచ్చుననియు, చదువుకొను పిల్లల నోటికాడి కూడు తీసి తంబురకు పెట్టుట న్యాయము కాదనియు మఱికొందఱు వాదించిరి. ఇరువురి మాటయందును సత్యము కలదు. కనుక సభ్యులు తమ అభిప్రాయము నిర్ణయించుకొనుటకు ముందు ఈ కళ పుట్టుపూర్వోత్తరములను, అది పెరిగిన విధమును, తఱిగిన కారణములను యథాశక్తిని నివేదించుచున్నాము.

కులవృత్తియు కులవిద్యయు

మనలను దూదేకులవారనియు, పింజారులనియు, లద్దాఫులనియు, నూర్‌బాషాలనియు లోకము పిలుచుచున్నది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వపు వెనుకబడిన తరగతుల పట్టికలో 'బి' వర్గమున ఈ నామములన్నియు ఒక్కచోటనే కలవు. 1909లో ఎడ్గార్ థర్‌స్టన్ ప్రకటించిన దక్షిణ హిందూదేశపు కులముల గ్రంథములోను మనవారి ప్రసక్తి కలదు. మతమున మహమ్మదీయులమైనను, భాషయందును ఆచారములయందును ఇరుగుపొరుగు తెలుగువారితో కలసిపోయినవారమని చరిత్రకారులు వ్రాసిరి. వారు దానిని వింతగా వ్రాసిరి. మనకది వింత కాదు, జీవితము.

నల్లరేగడి నేలలో పండిన ప్రత్తిని గింజ తీసి, దూదిని విల్లుతో ఏకి, పింజలు పింజలుగా విడదీసి, నూలు వడుకువారికి ఏకులు చేసి యిచ్చుట మన పూర్వుల జీవనము. విల్లునారి మ్రోగుచుండ దూది పొగమంచువలె లేచెడిది. ఆ నారి నాదము వినుచు పెరిగిన పిల్లలకు శ్రుతిజ్ఞానము తనంతట అబ్బెనని పెద్దలు చెప్పుకొనెడివారు. ఇది శాస్త్రప్రమాణము కాకపోవచ్చును. కాని ఈ ప్రాంతపు సంగీతచరిత్రను చూచినచో ఆ మాటను తేలికగా త్రోసివేయ మనసొప్పదు. పోతులూరి వీరబ్రహ్మముగారి శిష్యులలో అగ్రగణ్యుడై తత్త్వములు పాడిన సిద్దయ్య దూదేకుల యింటి బిడ్డయని జనశ్రుతి. ప్రకాశము జిల్లా కరవదిలో 1924లో జన్మించిన షేక్ చినమౌలానా సాహెబుగారు చిలకలూరిపేట ఆదం సాహెబుగారివద్ద నాదస్వరము నభ్యసించి, పిదప తంజావూరు బాణీని సాధించి, శ్రీరంగమున స్థిరపడి, 1977లో పద్మశ్రీ బిరుదము నందిరి. బుర్రకథయందు ఇట్టి కీర్తిని గడించిన మహనీయుడు మనకు కూతవేటు దూరముననున్న పొన్నెకల్లు గ్రామమున జన్మించెను. ఆయనయే షేక్ నాజర్.

విల్లును యంత్రము మ్రింగినది. జిన్నింగు మిల్లులు వచ్చిన పిదప ఏకుడు పరుపులకును దిండ్లకును మాత్రమే మిగిలెను. తుదకు అదియు యంత్రమువశమైనది. ఆ వృత్తి తిరిగి రాదు, రావలెనని కోరువారును లేరు. బుర్రకథకును అదే గతి పట్టునా, లేక దాని విధి వేఱా? ఇదియే నేటి విచారణ.

బుర్రకథ పుట్టుక

మొట్టమొదట ఒక్క మాట స్పష్టముగా చెప్పవలెను. బుర్రకథ మన కులపు సొత్తు కాదు. శైవమతప్రచారము చేయుచు ఊరూర తిరిగిన జంగములు తంబుర మీటుచు చెప్పిన జంగమకథయే దీనికి మూలము. జంగము కథ చెప్పుచుండ ఆతని యింటి యాడువారు వంత పాడెడివారు. కథ ముగిసిన పిదప గృహస్థులు ధాన్యమో వస్త్రమో యిచ్చి పంపెడివారు. తంబురకు అడుగున గుమ్మడికాయవంటి బుఱ్ఱ యుండుటచేత బుర్రకథయను పేరు వచ్చినదని పెక్కురి యభిప్రాయము.

అంతకు పూర్వమే కథాగానము మన దేశమున వేళ్లూనియున్నది. 13వ శతాబ్దమున పాల్కురికి సోమనాథుడు తన పండితారాధ్య చరిత్రలో తుమ్మెదపదములు, వెన్నెలపదములు మొదలగు జనపదగేయముల పేళ్లు చెప్పియున్నాడు. క్రీడాభిరామమున ఓరుగల్లు వీథిలో పలనాటి వీరుల కథ పాడబడిన దృశ్యము వర్ణింపబడినది. 12వ శతాబ్దపు పలనాటి యుద్ధమును శ్రీనాథుడు ద్విపదగా రచించెనని ప్రసిద్ధి. 1911లో అక్కిరాజు ఉమాకాంతముగారు ఆ కావ్యమును పరిష్కరించి ప్రకటించిరి. కారెంపూడిలో వీరుల తిరునాళ్లయందు మాలవారిలోని వీరవిద్యావంతులు ఈ కథను పాడు ఆచారము చిరకాలమునుండి వచ్చుచున్నది. ఆ గానమును అమెరికా పండితుడు జీన్ రోఘెయిర్ సేకరించి 1982లో గ్రంథముగా వెలువరించెను.

ఈ విధముగా జంగములు, వీరవిద్యావంతులు, పిచ్చుకుంట్లవారు తరతరములుగా కాపాడిన కథాగానవిద్యను మనవారు పిదప అందుకొనిరి. అందుకొన్నవారికి గర్వముకంటె ముందు కృతజ్ఞత యుండవలెను. శిక్షణాలయమును గూర్చి మేము చెప్పబోవునప్పుడు ఈ మాట మరల అవసరమగును.

ముగ్గురి కథ

ఈ తరమువారిలో పెక్కుమంది బుర్రకథను అయిదు నిమిషముల తునుకగానే చూచియుందురు. కనుక దాని స్వరూపమును కొంచెము వివరింతుము.

వేదికపై ముగ్గురు నిలుతురు. నడుమ కథకుడు. ఆతని భుజముపై తంబుర, చేతి బొటనవ్రేలికి అందె, కాళ్లకు గజ్జెలు, తలకు పాగా, నిలువుటంగీ, నడుమునకు కట్టు. ఇరుప్రక్కల వంతలు. వారి చేతులయందు గుమ్మెటలు. కథకుడు ఒక చరణము పాడి ముందుకు రెండడుగులు వేయును, వెనుకకు రెండడుగులు వేయును, సుడిగా తిరుగును. వంతలు తందానతాన యని యందుకొని అదే నడకతో గుమ్మెట వాయింతురు. పాట నడచినంతసేపు పాదము నడచును. నిలుచుండి పాడినచో అది బుర్రకథ కాదు. గానము, నృత్యము, అభినయము, వాద్యము, వచనము అను అయిదును ముగ్గురే నిర్వహింతురు. అందెమ్రోతయు గజ్జెమ్రోతయు గుమ్మెటదరువును ఒక్క తాళమున కలియకున్నచో కథ కుంటును.

వంతలలో ఒకడు హాస్యగాడు. రెండవవాడు రాజకీయపు వంత. కథ బొబ్బిలికోటలో నడచుచుండగా హాస్యపువంత ఆ యూరి కరణముగారి పిసినారితనమును తెచ్చి అతికించును. రాజకీయపు వంత "అయ్యా, నాటి దొర శిస్తు సంగతి సరే, నేటి శిస్తు మాటయేమి?" అని యడుగును. కథకుడు సమాధానము చెప్పును, లేదా చెప్పలేక నవ్వును. ప్రాతకథయందు నేటి ప్రశ్నను జొనుపుటయే ఈ కళయొక్క ప్రాణము. తక్కిన హరికథాదులయందు ఒక్కరే వక్త. ఇచట కథకుని ప్రక్కనే ప్రశ్నించువాడు నిలిచియుండును. ఈ విషయమును పాఠకులు జ్ఞాపకముంచుకొందురు గాక.

నాజరుగారి కాలము

షేక్ నాజర్ 1920 ఫిబ్రవరి 5వ తేదీన పొన్నెకల్లులో పేదకుటుంబమున జన్మించిరి. బాల్యముననే నాటకములయందు వేషములు వేసి, సంగీతము నభ్యసించి, దారిద్ర్యముతో పోరాడుచు పెరిగిరి. 1943లో బొంబాయిలో భారత ప్రజానాట్యసంఘము వెలసెను. తెలుగుదేశమున ప్రజానాట్యమండలి బయలుదేరెను. భిక్షాటనకు పరిమితమైయున్న జంగమకథను రంగస్థలమున కెక్కించి, రైతుకూలీల సభలయందు వినిపింపవలెనని ఆ యుద్యమమువారు తలపోసిరి. దానికి నాజరుగారి కంఠము దొరకెను. శాస్త్రీయ రాగములయందలి పరిచయమును, నాటకానుభవమువలన వచ్చిన అభినయమును, అడుగుల వేగమును ఆయన ఒక్కటిగా పోతపోసిరి. పలనాటి యుద్ధము, బొబ్బిలి యుద్ధము, అల్లూరి సీతారామరాజు, 1943నాటి వంగదేశపు కరవు ఆయన నోట జనులను ఏడ్పించినవి, లేపినవి. సుంకర సత్యనారాయణగారివంటి రచయితలు బుర్రకథకు క్రొత్త రచనలు చేసి యిచ్చిరి. మోటూరి ఉదయంగారు మహిళాదళమునకు నాయకత్వము వహించి, తంబుర మగవారిదేయను భ్రమను తొలగించిరి.

ఆ ప్రభావమెట్టిదో పాలకుల భయమే చెప్పును. మద్రాసు రాష్ట్రమున ఆంగ్ల ప్రభుత్వమును, హైదరాబాదున నిజాము ప్రభుత్వమును బుర్రకథను నిషేధించెను. ముగ్గురు మనుష్యులు, ఒక తంబుర, రెండు గుమ్మెటలు! వీనికి ప్రభుత్వములు జంకెననిన ఆ కళయొక్క శక్తికి వేఱు సాక్ష్యమేల?

1948 డిసెంబరు 1న విజయవాడ రేడియో కేంద్రము ప్రారంభమైన పిదప బుర్రకథ ఇంటింటికి చేరెను. 1953లో వచ్చిన 'పుట్టిల్లు' చిత్రములో బుర్రకథకు చోటు దొరకెను. 1986లో నాజరుగారికి పద్మశ్రీ పురస్కారము లభించెను. 1997లో ఆయన కీర్తిశేషులైరి. ఆయన ఆత్మకథకు 'పింజారి' యని పేరు. మనలో కొందఱు చెప్పుకొనుటకు సిగ్గుపడు నామమును ఆయన గ్రంథమునకు శిరస్సుగా ధరించిరి. ఈ యొక్క కార్యముచేతనైనను ఆయన మన సంఘమునకు పూజ్యులు.

క్షీణదశకు కారణములు

మా బాల్యమున నల్లపాడు చుట్టుపట్ల ప్రత్తితీత ముగిసి, మిరప కోతకు వచ్చి, కళ్లములయందు కాయలు ఎఱ్ఱని తివాచీవలె పఱచియున్న వేసవిరాత్రులయందు బుర్రకథ పెట్టించెడివారు. కాయకు కాపలా యుండవలెను గనుక రైతులు ఎట్లును మేలుకొనవలెను. ఆ ఘాటుకు తుమ్ముచు, కన్నులు తుడుచుకొనుచు తెల్లవారుదాక కథ వినెడివారము. కంట నీరు వచ్చినది బాలచంద్రుని చావునకో మిరపకోరునకో చెప్పజాలమని పెద్దలు హాస్యమాడెడివారు. నేడు కాయ శీతలగిడ్డంగులకు చేరుచున్నది. పల్లెయగు నల్లపాడు గుంటూరు నగరములో కలసిపోయినది. రాత్రి మేలుకొనువారు కలరు గాని, వారి కన్నులు చేతిలోని ఫోనుపై నుండును.

చలనచిత్రము వచ్చుటచేతను, 1977లో హైదరాబాదున దూరదర్శన కేంద్రము వచ్చుటచేతను బుర్రకథ చచ్చెనని సాధారణముగా చెప్పుదురు. ఇది సగము సత్యము. ఆ చలనచిత్రమును, ఆ దూరదర్శనమును వచ్చిన దేశముననే నాదస్వరము చావలేదు. గోసవీడు షేక్ హసన్ గారికి 2022లో మరణానంతరము పద్మశ్రీ ప్రకటింపబడినది. మఱి నాదస్వరమునకు లేని గండము బుర్రకథకేల వచ్చెను?

మేము విచారించినంతలో భేదము మూడు విధములు.

మొదటిది సందర్భము. నాదస్వరములేక పెండ్లి జరుగదు, దేవునికి మేలుకొలుపు జరుగదు. ఎవరు విన్నను వినకున్నను దానికొక ముహూర్తము కలదు. బుర్రకథకు అట్టి ముహూర్తము లేదు. జంగమునాడు భిక్ష దానికి సందర్భము. ఉద్యమమునాడు సభ సందర్భము. భిక్ష పోయెను, ఉద్యమము సన్నగిల్లెను. సందర్భము పోయిన కళ పందిరిలేని తీగవంటిది.

రెండవది గురుకులము. నాదస్వరమునకు కరవది, చిలకలూరిపేట మొదలగుచోట్ల తండ్రినుండి కొడుకునకు, గురువునుండి శిష్యునకు క్రమమైన పాఠము నడచెను. చినమౌలానా సాహెబుగారు శ్రీరంగమున శిష్యుల నుంచుకొని విద్య గఱపిరి. బుర్రకథను దళములో చేరి, వంతగా నిలిచి, చూచి నేర్చుకొనవలసినదే. దళము చెదరిన దినముననే పాఠశాలయు మూతపడెను.

మూడవది అన్నిటికంటె సూక్ష్మము. స్వాతంత్ర్యానంతరము ప్రభుత్వశాఖలు బుర్రకథను ప్రచారమునకు వాడుకొనెను. కుటుంబనియంత్రణము, పొదుపు, టీకాలు, అక్షరాస్యత వంటివి విషయములయ్యెను. ఇవి మంచి విషయములే. కళాకారులకు నాలుగు రూకలును దొరకెను. అందుకు మేము ప్రభుత్వమును నిందింపము. కాని ప్రచారకథలో రాజకీయపు వంతకు ప్రశ్నించు పని లేదు, ఔననుటయే పని. ప్రభుత్వము వేతనమిచ్చి విషయమును తీసికొనెను. ఎన్నికలలో పక్షములవారు చేసినదియు అంతియే. ఏమి చెప్పబోవుదురో ముందే తెలిసిన కథను వినుటకు ఎవరు కూర్చుందురు? నిషేధములు చంపజాలని కళను ఈ ఔననుట నీరసింపజేసెను.

ఆక్షేపణలు

ఇక మన సంఘములోనే వినవచ్చు ఆక్షేపణలను దాచక ప్రస్తావింతుము.

"మన పిల్లలు ఇంజనీర్లు, ఉపాధ్యాయులు, వైద్యులు కావలెను. గజ్జెకట్టించి మరల వెనుకకు లాగుదురా?" అని విద్యావంతులు కొందఱందురు. వారి భయము నిర్హేతుకము కాదు. కులవృత్తియను పేర పేదపిల్లలను బడి మాన్పించిన పాపము ఈ దేశమున చాలినంత జరిగినది. కనుక మేమును ఒక నియమము పెట్టుచున్నాము. బడి మానిన పిల్లవానికి తంబుర ఇయ్యరాదు. కళ చదువునకు తోడుగా నుండవలెను గాని బదులుగా నుండరాదు.

"మతమున మహమ్మదీయులమై పలనాటి చెన్నుని, బొబ్బిలి వేణుగోపాలుని పాడుట తగునా?" అని కొందఱు పెద్దలడుగుదురు. వారి భక్తిని మేము గౌరవింతుము. ఎవరి మనస్సాక్షియైనను అంగీకరింపనిచో వారిని పాడుమనుటకు మన సంఘమునకు అధికారము లేదు. అయితే సిద్దయ్య తత్త్వములు పాడినందునను, చినమౌలానా సాహెబుగారు త్యాగరాజకీర్తనలు వాయించినందునను, నాజరుగారు బాలచంద్రుని శౌర్యమును వినిపించినందునను మన సంఘము చిన్నబోలేదు. పైగా బుర్రకథకు కథానియమము లేదు. వంగదేశపు కరవును గానము చేసిన కళకు ఏ సత్యమైనను వస్తువే.

"ధనమెక్కడ?" అనునది మూడవ ఆక్షేపణ. వసతిగృహమునకును శిక్షణకును పోటీ పెట్టుట మాకు సమ్మతము కాదు. గదులు ముందు. అందు మాకు సందేహము లేదు. గదులు కట్టినపిదప ఆ గదులలోని పిల్లలకు సాయంకాలము వారమునకు రెండు దినములు పాఠము చెప్పించుటకు కావలసినది ఒక గురువునకు గౌరవవేతనము, మూడు నాలుగు తంబురలు, కొన్ని గుమ్మెటలు మాత్రమే. ఇందులకు పోషకులు ప్రత్యేకనిధి నేర్పాటు చేసినచో వసతిగృహనిధిని ముట్టుకొనవలసిన పనియే యుండదు.

పరదేశ, పరప్రాంత నిదర్శనములు

క్షీణించిన కథాగానము మరల తలయెత్తిన నిదర్శనము లోకమున కలదా? కలదు.

కొరియా దేశమున పన్సోరి యను కళ యున్నది. ఒక గాయకుడు, ఒక మద్దెలకాడు గంటలతరబడి కథ పాడుదురు. పూర్వము పండ్రెండు కథ లుండగా అయిదు మాత్రమే మిగిలెను. 1964లో ఆ ప్రభుత్వము దానిని జాతీయసంపదగా ప్రకటించి, విద్వాంసులకు పోషణ యేర్పఱచి, శిష్యులకు నేర్పుట వారి విధిగా చేసెను. 1993లో ఒక చలనచిత్రము పన్సోరి గాయకుల కష్టజీవితమును చూపి లక్షలమందిని ఆకర్షించెను. 2003లో ఐక్యరాజ్యసమితి విద్యాసాంస్కృతిక సంస్థ దానిని గుర్తించెను. ఏ చలనచిత్రము కథాగానమును చంపునని మనమందుమో, అచట ఆ చలనచిత్రమే దానికి ప్రాణము పోసెను.

మన దేశముననే ఛత్తీస్‌గఢ్ ప్రాంతపు పండవానీ కలదు. తీజన్‌బాయి యను పేదయింటి స్త్రీ, మగవారు మాత్రమే నిలుచుండి చెప్పెడి ఫణితిని పట్టుకొని, తంబుర యెత్తి భారతకథ పాడి, లోకమంతయు తిరిగి, 2019లో పద్మవిభూషణ బిరుదము పొందెను. ఆడపిల్లకు తంబుర ఇచ్చినచో కళ రెట్టింపగునని దీనివలన తెలియుచున్నది.

మన తెలుగునాటనే వేఱొక పాఠము కలదు. కాకతీయులనాటి పేరిణీ నృత్యము శతాబ్దములు అంతరించియుండగా, నటరాజ రామకృష్ణగారు జాయపసేనాని నృత్తరత్నావళిని, రామప్పగుడి శిల్పములను ఆధారముగా గొని దానిని పునర్నిర్మించిరి. అది మహాకార్యము. కాని అడుగు వేసి చూపు గురువు లేక శిలలను అడుగవలసివచ్చెను. బుర్రకథకు ఇంకను ఆ దుర్గతి పట్టలేదు. నాజరుగారి బాణీని విన్నవారు, వంతగా నిలిచినవారు, ఊళ్లలో నేటికిని తంబుర దింపని వృద్ధులు కొందఱు మిగిలియున్నారు. నేడు వారిని అడుగక, రేపు రాళ్లను అడుగుట వివేకమగునా?

మా సమాధానము

కాబట్టి సంపాదకులడిగిన ప్రశ్నకు మా యుత్తరమిది. రాత్రియంతయు ఊరంతయు మేలుకొని వినిన ఆ బుర్రకథ, కుటుంబమునకు ఏడాదిపొడుగున కూడుపెట్టిన ఆ జీవనోపాధి, మరల రాదు. వచ్చునని చెప్పినచో పోషకులను మోసపుచ్చుట యగును. అయితే గంటన్నర కాలములో, ఏర్పడిన సందర్భమున, శిక్షితులైన ముగ్గురు నిజమైన ప్రశ్న నడుగుచు చెప్పు బుర్రకథ మరల తప్పక రాగలదు. అందులకు మేము సూచించున వివి.

ఒకటి, సందర్భము. ప్రతి సంవత్సరము మిరపకళ్లములు ముగిసిన వేసవిలో ఒక నిర్ణీతరాత్రి నల్లపాడులో బుర్రకథ జరుగవలెను. వాన వచ్చినను, ఎన్నికలు వచ్చినను, జనము పదిమందియే వచ్చినను ఆ రాత్రి మానరాదు. మహాసభ మొదటినాటి సాయంకాలము ఉపన్యాసములను ఒక గంట తగ్గించి కథకు ఇయ్యవలెను. ఉపన్యాసకులు మమ్ము మన్నింతురు గాక; శ్రోతలు సంతోషింతురనుట నిశ్చయము.

రెండు, గురువు. మన కులమువారే గురువు కావలెనను పట్టుదల కూడదు. ఈ విద్య మనకు జంగములు పెట్టిన భిక్ష. జంగమైనను, మాలయైనను, మఱి యెవరైనను విద్య తెలిసినవారిని పిలిచి, పీట వేసి, దుప్పటి కప్పి, పిల్లలచే నమస్కరింపజేయవలెను. శిష్యులలోను ఊరిలోని యన్ని కులముల పిల్లలకు, ఆడపిల్లలకు, చోటుండవలెను. కులసభ నడుపు పాఠశాలయందు కులపు గోడ యుండరాదు.

మూడు, భద్రపఱచుట. వృద్ధ కథకుల గానమును, అడుగులను, గుమ్మెటదరువులను ఆలస్యము చేయక ధ్వనిముద్రణము, చిత్రీకరణము చేయవలెను. మనలో ఆ యంత్రములు తెలిసిన యువకులు పెక్కురు కలరు. పాటను మాత్రమే కాక పాదమునుగూడ చిత్రింపవలెను. వంతల ప్రశ్నలను వదలరాదు. పెట్టెలలో చెదలు పట్టుచున్న కథల వ్రాతప్రతులను సేకరింపవలెను.

నాలుగు, క్రొత్తకథ. బొబ్బిలిని, పలనాటిని మాత్రమే చెప్పుచు కూర్చుండరాదు. 1987-88లో ప్రకాశము, గుంటూరు జిల్లాలలో తెల్లదోమ ప్రత్తిని తినివేయగా అప్పులపాలై ప్రాణములు తీసికొన్న రైతుల కథ మన గడ్డమీది కథ. ప్రత్తిని ఏకిన కులమువారు ఆ ప్రత్తిరైతు దుఃఖమును పాడకున్నచో ఎవరు పాడుదురు? విల్లునుండి మిల్లునకు, మిల్లునుండి వలసకు పోయిన మన తాతల కథయు వ్రాయింపదగినదే.

అయిదు, వంత స్వాతంత్ర్యము. ఇదియే మా సూచనలలో ముఖ్యమైనది. ధనమిచ్చు పోషకుని పేరు కథలో పొగడరాదు. రాజకీయపు వంత ఏమి యడుగవలెనో సంఘాధ్యక్షుడుగాని, శాసనసభ్యుడుగాని, మేముగాని నిర్ణయింపరాదు. సంఘపు జమాఖర్చులమీద వంత ప్రశ్న వేసినను మనము నవ్వుచు వినవలెను. ఆ ప్రశ్న లేని బుర్రకథను పోషించుటకంటె ఆ ధనముతో అయిదవ గది కట్టుట మేలు.

పోషక మహాశయులారా! నల్లపాడు జంక్షనువద్ద నంద్యాల మార్గమును, పగిడిపల్లి మార్గమును చీలిపోవును. మన సంఘమును నేడొక జంక్షనువద్ద నిలిచియున్నది. ఒక మార్గమున పిల్లల చదువు, రెండవ మార్గమున పెద్దల విద్య అని మనము తలచుచున్నాము. రైలు ఒక్కదానిమీదనే పోగలదు. మనుష్యులకు ఆ నిర్బంధము లేదు. పగలు పుస్తకము పట్టిన చేయి సాయంకాలము గుమ్మెట పట్టరాదా?

పొన్నెకల్లులో పుట్టిన పేదబాలునకు ఆ దినములలో సంఘము లేదు, వసతిగృహము లేదు, ప్రత్యేకనిధి లేదు. అయినను తంబుర చేబట్టి 'పింజారి' యను మాటకు పద్మశ్రీని జతచేసెను. మనకిప్పుడు సంఘము కలదు, పోషకులు కలరు, పిల్లలు కలరు. కొఱత యున్నది సంకల్పమునకే. తీర్మానము సభ యెదుటికి వచ్చినపుడు సభ్యులు ఈ విషయముల నన్నిటిని తూచి, మనస్సాక్షి చెప్పినట్లు చేయి యెత్తుదురు గాక. మా చేయి ఎటు లేచునో ఇంతవఱకు చదివినవారికి వేఱుగ చెప్పనక్కఱలేదు.